దుమ్ములో విషాన్ని పట్టుకున్న డాక్టరమ్మ – ఆలిస్ హామిల్టన్



మన సంచికలో ఒక మహనీయుని జీవితం గురించి రాయమని అడిగినప్పుడు నాకు వెంటనే గుర్తుకొచ్చిన పేరు డాక్టర్ ఆలిస్ హామిల్టన్. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె పాఠం లేకపోవచ్చు గాని, కార్మికుల ఆరోగ్యం గురించి చదివేవారికి ప్రపంచమంతటా తెలిసిన పేరు ఇది. ఆమె గురించే ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి.

మా నాన్న ఇళ్ళకు రంగులు వేసే పని చేసేవాడు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చూసేవాడిని. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే మా చెల్లి పరుగెత్తుకెళ్ళి కాళ్ళను చుట్టుకునేది. తలుపులకు, కిటికీలకు ఉన్న పాత రంగు గీకిన పొడి ఆయన చొక్కా నిండా, జుట్టు నిండా ఉండేది. ఆ పొడిలో ఏముందో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. పనిలో పెట్టుకున్నవారు చెప్పలేదు. చాలా ఏళ్ళ తరువాత ఈ డాక్టరమ్మ జీవితం చదువుతుంటే నాకు ఆ పొడే కళ్ళ ముందు మెదిలింది.

బాల్యం – విద్యాభ్యాసం

ఆలిస్ హామిల్టన్ 1869 ఫిబ్రవరి 27న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించారు. పెరిగింది మాత్రం ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ పట్టణంలో. నలుగురు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు ఉన్న ఇంట్లో ఆమె రెండో సంతానం. అక్క ఎడిత్ హామిల్టన్ తరువాతి కాలంలో గ్రీకు పురాణాల మీద పుస్తకాలు రాసి పెద్ద రచయిత్రిగా పేరు తెచ్చుకున్నారు.

వారిది కలిగిన కుటుంబమే. కాని 1885లో తండ్రి టోకు కిరాణా వ్యాపారం దెబ్బతింది. ఆడపిల్లలు తమ కాళ్ళ మీద తాము నిలబడాల్సి వచ్చింది. అప్పుడు ఆలిస్ డాక్టర్ కావాలని నిర్ణయించుకున్నారు. డాక్టరైతే ఎక్కడికైనా వెళ్ళవచ్చు, ఎక్కడ ఉన్నా నలుగురికి పనికిరావచ్చు అన్నది ఆమె ఆలోచన. అయితే చిన్నప్పుడు చదువంతా ఇంట్లోనే సాగడంతో భాషలు, సాహిత్యం బాగా వచ్చినా సైన్సు రాలేదు. ఊళ్ళో ఒక ఉపాధ్యాయుని దగ్గర భౌతిక, రసాయన శాస్త్రాలు మొదటి నుంచి నేర్చుకున్నారు. ఇంటర్‌లో సైన్సు గ్రూపు తీసుకుని మొదటి నెలలోనే భయపడిపోయే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

1893లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందారు. 1895లో అక్కతో కలిసి పై చదువుల కోసం జర్మనీ వెళ్ళారు. అప్పట్లో అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడవారికి పట్టాలు ఇచ్చేవి కావు. ఎవరి కంటా పడకుండా ఒక పక్కన కూర్చుని వినడానికి మాత్రం ఒప్పుకున్నాయి. అక్కాచెల్లెళ్ళు అలాగే కూర్చుని చదువుకున్నారు.

హల్ హౌస్‌లో 22 ఏళ్ళు

1897లో చికాగోలో ఒక మహిళా వైద్య కళాశాలలో ఉద్యోగం దొరికింది. ఆ ఊళ్ళో ఆమె ఎంచుకున్న నివాసం హల్ హౌస్. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు మహిళలు 1889లో పేదవాడలో నెలకొల్పిన సేవా కేంద్రం అది. చదువుకున్నవారు అక్కడే గదులు తీసుకుని, అందరూ కలిసి భోజనం చేస్తూ, చుట్టుపక్కల ఉన్న ఇటలీ, గ్రీసు, పోలండ్, రష్యా వలస కుటుంబాలకు చేదోడుగా ఉండేవారు. ఒక విధంగా మన హాస్టల్ లాంటిదే. కాకపోతే అక్కడ చదువు అయిపోయినవారు వచ్చి ఉండేవారు. ఆలిస్ 1919 వరకు, అంటే 22 ఏళ్ళు అక్కడే ఉన్నారు. పగలు కళాశాలలో పని, మిగతా సమయంలో పసిపిల్లలకు స్నానాలు చేయించడం, తల్లులకు ఆరోగ్యం గురించి చెప్పడం.

అక్కడ జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1902లో ఆ వాడలో టైఫాయిడ్ విజృంభించింది. మరుగుదొడ్ల మీద వాలిన ఈగలే వ్యాధిని మోస్తున్నాయని ఆమె పరిశోధించి రాశారు. ఆమెకు మంచి పేరు వచ్చింది. కాని మురుగునీరు తాగునీటిలో కలవడమే అసలు కారణమని, ఆ సంగతిని దాచిపెట్టారని తరువాత తెలిసింది. తన తప్పును ఆమె దాచుకోలేదు. 1943లో రాసుకున్న ఆత్మకథలో ఉన్నది ఉన్నట్లు చెప్పారు. ఆధారం పూర్తిగా చేతికి వచ్చేదాకా మాట తొందరపడకూడదన్న జాగ్రత్త ఆమె తరువాతి పనిలో అడుగడుగునా కనిపిస్తుంది.

హల్ హౌస్‌లో ఉండగానే ఆమె ఒక విషయం గమనించారు. ఆ వాడలోని మగవారు నలభై ఏళ్ళకే ముసలివారైపోతున్నారు. కొందరికి మణికట్టు దగ్గర నుంచి చేతులు వేలాడిపోయేవి. కొందరికి కడుపులో మెలిపెట్టే నొప్పి. వారిలో చాలామంది ఫ్యాక్టరీల్లో సీసంతో పని చేసేవారు.

సీసం జాడ కోసం

1910లో ఇల్లినాయ్ రాష్ట్ర ప్రభుత్వం వృత్తి వ్యాధులపై సర్వే చేయించింది. అమెరికాలో ఇటువంటి సర్వే ఇదే మొదటిది. దాన్ని నడిపించే బాధ్యత ఆలిస్‌కు అప్పగించారు. సీసం భాగాన్ని ఆమె తన చేతిలోనే ఉంచుకున్నారు.

ఏ ఫ్యాక్టరీలో సీసం వాడుతున్నారో చెప్పే జాబితా ఏదీ లేదు. యజమానులు చెప్పరు. కార్మికులు చెబితే పని పోతుందని భయం. అందువల్ల ఆమె ఆస్పత్రుల్లో పాత రికార్డులు తిరగేశారు. మందుల షాపుల వారిని, చర్చి ఫాదర్లను, కార్మిక సంఘాల వారిని కలిశారు. కార్మికులను ఫ్యాక్టరీలో పలకరిస్తే నోరు విప్పరని, సాయంత్రం వారి ఇళ్ళకు వెళ్ళి భార్యాపిల్లల ముందు కూర్చుని మాట్లాడేవారు.

ఒకసారి స్నానపు తొట్లు తయారుచేసే ఫ్యాక్టరీని చూశారు. అంతా శుభ్రంగా ఉంది, ప్రమాదం ఏమీ కనిపించలేదు. తరువాత చేతులు పడిపోయిన ఒక పోలండ్ కార్మికుని ఇంటికి వెళ్ళినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆమెకు చూపించింది చిన్నచిన్న మెరుగులు దిద్దే చోటు మాత్రమే. అసలు పని ఊరవతల మరో చోట జరుగుతోంది. అక్కడికి వెళ్ళి చూస్తే, కొలిమిలోంచి తీసిన ఎర్రగా కాలిన ఇనుప తొట్టి మీద కార్మికులు సీసం కలిసిన ఎనామిల్ పొడి చల్లుతున్నారు. ఆ పొడి గాలి నిండా లేచి వారి ముక్కుల్లోకి, నోళ్ళలోకి పోతోంది.

ఇలా వెతుకుతూ పోగా సీసం వాడే పనులు 70కి పైగా తేలాయి. కొన్ని ఎవరూ ఊహించనివి. చుట్టలకు చుట్టే తళతళలాడే రేకు, శవపేటికలకు వేసే అలంకారాలు, గాజు పాత్రల మెరుగు, రైలు డబ్బాలకు వేసే సీళ్ళు – అన్నిటిలోనూ సీసమే. ఆమె నివేదిక ఫలితంగా 1911లో ఇల్లినాయ్‌లో చట్టం వచ్చింది. ప్రమాదకరమైన పనుల్లో రక్షణ ఏర్పాట్లు చేయడం, కార్మికులకు నెలనెలా వైద్య పరీక్షలు జరిపించడం యజమానుల బాధ్యత అయింది.

తప్పు ఎవరిది?

ఆ తరువాత కేంద్ర ప్రభుత్వ కార్మిక శాఖ ఆమెను దేశమంతా తిరిగి చూడమంది. నెల జీతం లేదు. నివేదిక పూర్తిచేసి ఇస్తే డబ్బు ఇస్తామన్నారు. ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టే అధికారం కూడా ఇవ్వలేదు. యజమాని రానిస్తే లోపలికి వెళ్ళాలి, లేకపోతే బయట నుంచే వెనక్కి రావాలి. ఆమె మొదట ఎంచుకున్నది తెల్లసీసం పరిశ్రమ. మన పెయింటర్లు సఫేదా అంటారే, ఆ తెల్లపొడి తయారుచేసే పని.

ఎక్కడికి వెళ్ళినా యజమానులది ఒకటే పాట. కార్మికులు చేతులు కడుక్కోకుండా అన్నం తింటారు, గోళ్ళు శుభ్రంగా ఉంచుకోరు, అందుకే జబ్బు పడుతున్నారు అని. కొందరు డాక్టర్లు కూడా ఇదే మాట వల్లించేవారు. ఆలిస్ ఫ్యాక్టరీల్లో తిరిగి, ఏ పని చేసేవారికి ఎక్కువ జబ్బు వస్తోందో లెక్క కట్టారు. దుమ్ము, పొగ ఎక్కువ ఉన్న చోటే జబ్బూ ఎక్కువ ఉంది. రోజంతా సీసం పొడి పీలుస్తూ ఉంటే భోజనానికి ముందు చేతులు ఎంత కడుక్కున్నా ప్రయోజనం తక్కువని, దుమ్ము లేవకుండా చూడడమే అసలు మందని ఆమె తేల్చి చెప్పారు. దుమ్మును లాగేసే యంత్రాలు పెట్టాలి, పొడిని తడిపి పని చేయించాలి, కార్మికునికి పని బట్టలు వేరుగా ఇవ్వాలి, స్నానానికి నీళ్ళు, అన్నం తినడానికి వేరే గది ఉండాలి.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. పేదవాడికి జబ్బు వస్తే శుభ్రత లేదని అనడం మనకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. ఆ మాట వెనుక ఖర్చు తప్పించుకునే ఉపాయం ఉందని ఆలిస్ లెక్కలతో నిరూపించారు.

నేషనల్ లెడ్ కంపెనీ పెద్ద అధికారి ఎడ్వర్డ్ కార్నిష్ తన కార్మికులకు సీసం జబ్బు లేనే లేదని వాదించారు. నిరూపించమన్నారు. ఆమె ఆస్పత్రి అవసరమైనంత జబ్బు పడిన 22 మంది కార్మికుల వివరాలు తెచ్చి ముందు పెట్టారు. ఆయన మాట మీద నిలబడి ఫ్యాక్టరీల్లో మార్పులు చేయించారు. ఆలిస్ ఎవరినీ తిట్టలేదు. చేతిలో ఆధారం లేకుండా వెళ్ళలేదు, ఆధారం దొరికాక ఊరుకోలేదు.

అదే కాలంలో, 1913 నుంచి 1916 వరకు మన బాబాసాహెబ్ అంబేద్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నారు. తరువాత 1942 – 46 మధ్య వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసినప్పుడు ఆయన కూడా మన దేశంలో ఫ్యాక్టరీ కార్మికుల పనిగంటలు తగ్గించడానికి, సంక్షేమానికి పాటుపడ్డారు. ఇద్దరూ కలుసుకున్నారని నేను చెప్పడం లేదు. ఇద్దరి దారీ ఒకే వైపు ఉందని మాత్రం చెబుతున్నాను.

పంక్తిలో చోటు లేని ప్రొఫెసర్

1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆమెను అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తీసుకుంది. ఆ విశ్వవిద్యాలయంలో అధ్యాపక పదవి పొందిన మొదటి మహిళ ఆమే. ఆ విషయంలో అంత తెలిసిన మగవారు దొరకలేదు గనుక పిలవక తప్పలేదు. అయితే మూడు షరతులు పెట్టారు. అధ్యాపకుల క్లబ్బులోకి రాకూడదు. ఫుట్‌బాల్ ఆటకు టిక్కెట్లు అడగకూడదు. పట్టాల పండుగ రోజున తోటి అధ్యాపకులతో కలిసి ఊరేగింపులో నడవకూడదు. పని చేయనిస్తారు గాని పంక్తిలో కూర్చోనివ్వరు. అది ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆమె 1935 వరకు అక్కడ పని చేశారు. ఒక్క ప్రమోషన్ కూడా ఇవ్వలేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే పదవీ విరమణ చేశారు. ఆ వైద్య కళాశాలలో ఆడపిల్లలకు సీట్లు ఇవ్వడం మొదలైంది 1945లో. ఈ అవమానాల మధ్యనే 1925లో అమెరికా పరిశ్రమల్లోని విషాల గురించి ఆమె రాసిన పుస్తకం వెలువడింది. ఆ రంగంలో అది ప్రామాణిక గ్రంథమైంది.

ఫ్యాక్టరీ దుమ్ము నుంచి పార్కు దుమ్ము దాకా

1920ల్లో కారు ఇంజను కొట్టుకోకుండా నడవడానికి పెట్రోలులో సీసం కలిపిన ఒక రసాయనం వాడడం మొదలుపెట్టారు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక శుద్ధి కర్మాగారంలో ఆ రసాయనంతో పనిచేసిన కార్మికులు మతి చలించి, మూర్ఛలు వచ్చి పడిపోయారు. ఐదుగురు మరణించారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. 1925 మే 20న వాషింగ్టన్‌లో ప్రభుత్వం పెద్ద సమావేశం పెట్టింది.

ఆ సమావేశంలో ఆలిస్ ఎదురు నిలిచారు. సీసం ఉన్న చోట ఎప్పటికైనా సీసం జబ్బు తప్పదని చెప్పారు. ఫ్యాక్టరీ నాలుగు గోడల మధ్య అయితే జాగ్రత్తలు పెట్టగలం, దేశమంతా రోడ్ల మీద చల్లితే ఎవరు అదుపు చేయగలరని నిలదీశారు. కాని కొద్ది నెలల పరిశీలన తరువాత 1926లో నిపుణుల సంఘం నిషేధించడానికి తగిన కారణం కనబడలేదని తేల్చింది. అమ్మకాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ పెట్రోలు ప్రపంచమంతా పాకింది.

బండి పొగగొట్టంలోంచి వచ్చిన సీసం సన్నని పొడిగా రోడ్డు పక్క మట్టిలో, ఇళ్ళ అరుగుల మీద, పార్కుల్లో దిగింది. రాలిన ఆకు కుళ్ళి మట్టిలో కలిసిపోతుంది. కాగితం చివికిపోతుంది. సీసం అలా పోదు. ఏళ్ళ తరబడి పైమట్టిలోనే ఉంటుంది, గాలి వీచినప్పుడు లేస్తుంది. 1965లో క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త మనుషులు వాడిన సీసం భూమి మీద ఎంతగా పేరుకుపోయిందో లెక్కలతో చూపించారు. 1979లో డాక్టర్ హెర్బర్ట్ నీడిల్‌మన్ పిల్లల ఊడిన పాలపళ్ళు పరీక్షించి, సీసం ఎక్కువ ఉన్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లోనూ, తరగతిలో శ్రద్ధలోనూ వెనుకబడుతున్నారని కనుగొన్నారు. ఆ పిల్లల్లో పైకి జబ్బు లక్షణం ఏదీ లేదు.

మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లో ఆగింది. ఆలిస్ హెచ్చరించిన 96 ఏళ్ళకు! బండ్ల పెట్రోలులోంచి సీసం పోయినా మట్టిలోది ఉండిపోయింది. దానికి తోడు ఉయ్యాలలకు, జారుడుబల్లలకు వేసి పెచ్చులూడుతున్న పాత రంగు, టైర్ల అరుగుదల నుంచి జింకు, బ్రేకుల నుంచి రాగి, ఫ్యాక్టరీల నుంచి కాడ్మియం, క్రోమియం వచ్చి చేరుతున్నాయి. చాలా దేశాల్లో శాస్త్రవేత్తలు నగర పార్కుల దుమ్మును పరీక్షించారు. పెద్దల కంటే పిల్లలకే ప్రమాదం ఎక్కువని, దుమ్ము అంటిన చేతులు నోట్లో పెట్టుకోవడమే అందుకు ముఖ్య మార్గమని ఆ పరిశోధనలు చెబుతున్నాయి. పార్కులో పిల్లవాడు పీల్చేదాని కంటే మింగేది ఎక్కువ. మింగిన సీసంలో పెద్దల కంటే పిల్లల ఒంటికి పట్టేది నాలుగైదు రెట్లు ఎక్కువ. దాన్ని శరీరం కాల్షియం అని పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది. రక్తహీనత తెస్తుంది, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. ఇంతవరకు పరవాలేదు అని చెప్పగలిగిన మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఆందోళన కలిగించే స్థాయిలో ఉందని 2020లో యూనిసెఫ్ నివేదిక అంచనా వేసింది.

చివరి రోజులు

పదవీ విరమణ తరువాత ఆమె కనెక్టికట్ రాష్ట్రంలోని హాడ్లైమ్ అనే చిన్న ఊళ్ళో చెల్లెలు మార్గరెట్‌తో కలిసి జీవించారు. 1970 సెప్టెంబరు 22న, 101 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మరో మూడు నెలలకు, డిసెంబరు 29న, కార్మికుల భద్రత, ఆరోగ్యాల కోసం అమెరికాలో దేశవ్యాప్త చట్టం వచ్చింది. ఆరు దశాబ్దాల ముందు ఆమె ఒంటరిగా ఇల్లిల్లూ తిరిగి మొదలుపెట్టిన పని అది. 1995లో అమెరికా ప్రభుత్వం ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మనం చేయవలసింది

మిత్రులారా, ఆడుకోవడం మానమని నేను చెప్పను. గ్రౌండు నుంచి వచ్చాక, మెస్ గంట కొట్టగానే పళ్ళెం పట్టుకుని పరుగెత్తే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. గదుల్లో దుమ్ము లేచేలా ఊడ్చేకంటే తడిగుడ్డతో తుడవండి. గుడ్డు, పాలు, ఆకుకూర వదిలేయకండి. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని 2017 నవంబరు 1 నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. హాస్టల్‌కు రంగులు వేసేటప్పుడు డబ్బా మీద ఏముందో చదవండి. పాత రంగు గీకేటప్పుడు తడిపి గీకమని చెప్పండి. మీ ఇంట్లో ఎవరైనా పెయింటింగ్ పనికో, పాత బ్యాటరీల పనికో వెళుతుంటే, వచ్చిన వెంటనే స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకమనండి. చిన్నపిల్లలను ఎత్తుకోవడం ఆ తరువాతే.

అయితే చేతులు కడుక్కోవడం మన పని అయినంత మాత్రాన దుమ్ము మన తప్పు కాదు. పార్కులో విషపు మట్టి ఉంటే దాన్ని పరీక్షించి, పైన మంచి మట్టి పరిచి, గడ్డి పెంచవలసిన బాధ్యత ఊరిని ఏలేవారిది. ఫ్యాక్టరీలో దుమ్ము ఆపవలసింది యజమాని. ఈ రెండింటినీ కలిపి చూడడం ఆలిస్ హామిల్టన్ మనకు నేర్పారు.

మా నాన్న చివరి సంవత్సరాల్లో ఆయన చేతులు వణికేవి. గ్లాసు పట్టుకోలేకపోయేవాడు. దానికి కారణం సీసమేనని నేను అనను, పరీక్ష చేసినవారు లేరు. మేము తిరిగిన చోట్ల ఆయనను ఏం పని చేసేవాడివని అడిగిన డాక్టర్ ఒక్కరూ లేరు. ఆ ఒక్క ప్రశ్నతోనే ఆలిస్ హామిల్టన్ తన జీవితమంతా నడిచారు.

మన హాస్టల్ నుంచి ఇప్పటికే నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, టీచర్లు వెళ్ళారు. రేపు డాక్టర్లూ వెళ్తారు. అప్పుడు మీ ముందుకు ఒక కూలి మనిషి వచ్చి కూర్చుంటే, నాడి పట్టుకునే ముందు ఆయన ఏం పని చేస్తాడో అడగండి. జవాబు ఓపికగా వినండి.

– మీ పూర్వ విద్యార్థి